డ్రగ్స్ ముఠాల సినిమాల్లో కనిపించే నిజాయితీ పోలీసు బయట ఉంటాడా?

ఉంటాడు, ఒకాయన్ని చూశాను. కాకపోతే ఆయన మీద సినిమా తీస్తే ఇంటర్వెల్‌కే హాలు ఖాళీ అవుతుంది.

నేను హైదరాబాద్‌లో ఓ ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాని. కొన్నేళ్ల క్రితం ఓ సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే, పంచనామాకు సాక్షిగా రమ్మన్నారు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఓ కారు డిక్కీలో గంజాయి దొరికింది. బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలు, ఇటుకల్లా పదకొండు. ఆ ఘాటు రెండు ఉతుకుల దాకా నా చొక్కాని వదల్లేదు.

ఛేజింగ్, చెంపదెబ్బ లాంటివి ఏవో చూస్తాననుకున్నాను. జరిగింది తూకం. ఎస్సై గారు ఒక్కో పొట్లం కాటా మీద పెట్టించి, అంకె నాచేత పైకి చదివించి, రాసుకున్నారు. "అన్నీ ఒకటే సైజు కదా సార్, ఒకటి తూచి లెక్కేద్దాం" అన్నాడో కానిస్టేబుల్. "రేపు బోనెక్కి ఆ మాట నువ్వు చెప్తావా?" అన్నారాయన.

మొత్తం 22 కిలోల చిల్లర తేలింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద గంజాయి 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, అంటే వ్యాపార స్థాయి సరుకు. శిక్ష పదేళ్లకు తగ్గదు, బెయిలూ అంత తేలిగ్గా రాదు. రెండు పొట్లాలు లెక్కలోంచి జారితే చాలు, నిందితుడి జాతకమే మారిపోతుంది. తెల్లచొక్కా ఆయనొకడు వచ్చి "సార్, ఒక్క నిమిషం పక్కకి" అన్నాడు. "ఏదున్నా ఈ పంచుల, అదే ఈ సాక్షుల ముందే చెప్పండి" అన్నారు ఎస్సై గారు, కాటా మీంచి కళ్లు తిప్పకుండానే. ఆ తెల్లచొక్కా మళ్లీ కనిపించలేదు.

ఆ తర్వాత సీళ్లు, సంతకాలు. అర్ధరాత్రి దాటింది. ఆకలికి నాకు చిరాకు కూడా వచ్చింది, అబద్ధమెందుకు.

ఆ చాదస్తం ఎందుకో తర్వాత తెలిసింది. 'ది ఫ్రెంచ్ కనెక్షన్' (1971) న్యూయార్క్‌లో జరిగిన అసలు కేసు ఆధారంగా తీసిన సినిమా. రైలు వెంట కారు ఛేజింగ్ అందరికీ గుర్తే. అయితే ఆ కేసులో పట్టుకున్న హెరాయిన్‌ని పోలీసు స్టోర్‌లోంచే కాజేసి, దాని స్థానంలో పిండి పెట్టేశారు. సినిమా వచ్చాక, 1972లో బయటపడింది. నన్నడిగితే అసలు సినిమా అదే.

మా కేసు విచారణకొచ్చేసరికి ఎస్సై గారికి బదిలీ అయిపోయింది. డిఫెన్స్ లాయరు నన్ను టేపు రంగు అడిగారు, పొట్లాలెన్నని అడిగారు, సంతకం మీదేనా అన్నారు. ప్రతిదానికీ కాగితం మీద జవాబుంది.