మెట్లపేట రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన బొమ్మల కథ (కామిక్) మూడు సంచికల స్క్రిప్టు, పాత్రల బొమ్మలు చేరాయి. బెజవాడ కొండవాలు మీద ‘మెట్లపేట’ అని ఒక పేట. కాల్‌మనీ (అడిగిన వెంటనే కట్టాల్సిన అధిక వడ్డీ అప్పు) బాకీ తీర్చలేక కాలువలో దూకినవాళ్లు, ఎండాకాలం కాలువకు నీళ్లు కట్టేశాక బురదలోంచి లేచి మెట్లెక్కి వస్తారు. ఈ ఊహ నీదే, చాలా గట్టిది. అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదటి సంచికలో 24 పేజీలకు తొమ్మిది చావులున్నాయి. రెండోదానిలో పద్నాలుగు. మూడోదానిలో శవాలకు పేర్లే లేవు. నెత్తురు చూసి పాఠకుడు ఉలిక్కిపడతాడు, పేజీ తిప్పగానే మరిచిపోతాడు. మర్నాడు పొద్దున కుళాయి దగ్గర బిందెల వరసలో చచ్చినవాడి భార్య బిందెను ఎవరు ముందుకు జరిపారో, ఎవరు చూడనట్టు నిలబడ్డారో చూపించు. అది పాఠకుడిని వెంటాడుతుంది. నీ కథలో ప్రతి దెబ్బకూ ఒక మర్నాడు ఉండాలి. 24 పేజీల్లో రెండు చావులు చాలు, అందులో ఒకటి కంటికి కనబడకుండా జరగాలి.

ముందు పేట పటం గీయి. బొమ్మలేసే అబ్బాయి కోసం కాదు, నీ కోసం. ఇప్పుడు నీ స్క్రిప్టులో మెట్లు ఒకచోట నలభై, ఇంకోచోట రెండొందలు. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరే ఏలూరు, బందరు, రైవస్ కాలువలు మూడూ ఊళ్లోంచే పోతాయి, మెట్లు దిగితే ఏ కాలువ వస్తుందో నువ్వు చెప్పనే లేదు. కుళాయి ఎన్నో మెట్టు దగ్గర? వీధి దీపం ఎక్కడ లేదు? ఆటో ఎంతవరకు వస్తుంది? శవాన్ని కిందికి దించాలంటే ఎంతమంది కావాలి, ఎక్కడ ఆగి భుజాలు మార్చుకుంటారు? పదిహేను లీటర్ల బిందె పదిహేను కిలోల పైమాటే. దాన్ని ఎనభై మెట్లు మోసే మనిషి నడుము, మోకాళ్లు ఎలా ఉంటాయో పాత్ర బొమ్మలో కనబడాలి. పైకెళ్లేకొద్దీ అద్దె తక్కువ, నీళ్లు కష్టం. ఎవరికి అప్పు ఎక్కువ అవసరమో ఇక్కడే తేలిపోతుంది. ప్రమాదమంటే రౌడీలే కానక్కర్లేదు కూడా. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడ్డాయి. ఆ వెంటనే బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. పైన బండ, కింద నీళ్లు, మధ్యలో అప్పు: నీ పేట ఈ మూడింటి నడుమ నిలబడి ఉంది.

ఇలాంటి చోటు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే హాంకాంగ్‌లోని కౌలూన్ కోట పేట (కౌలూన్ వాల్డ్ సిటీ) గురించి దొరికిన పటాలూ ఫొటోలూ చూడు. దాదాపు ఆరున్నర ఎకరాల్లో 33,000 మంది. పక్కనే విమానాశ్రయం ఉండటంతో పద్నాలుగు అంతస్తుల దగ్గర ఆగిన భవనాలు, ఒకదానికొకటి ఆనుకుని. కింది సందుల్లోకి ఎండ దిగేది కాదు. తలమీది గొట్టాల నుంచి నీళ్లు కారుతుంటే గొడుగు వేసుకుని నడిచేవాళ్లు. అక్కడ ముఠాలుండేవి, లైసెన్సు లేని పళ్ల డాక్టర్లుండేవాళ్లు, చేప ఉండలు చేసే కార్ఖానాలుండేవి. పిల్లలు డాబాల మీద ఆడుకునేవాళ్లు. 1993–94లో మొత్తం కూల్చేశారు. నేరాన్ని మామూలు బతుకు పక్కనే పెట్టడం ఆ ఫొటోల్లో నేర్చుకో. నీ పేటలో ఇడ్లీబండి లేదు, ట్యూషన్ లేదు, పెళ్లి షామియానా లేదు. అవి లేకపోతే పోగొట్టుకోవడానికి ఏముంది?

పేట పేరు కల్పితంగానే ఉంచు. నిజం కాలనీ పేరు పెడితే అక్కడి పిల్లలకు సంబంధాల దగ్గరా ఉద్యోగాల దగ్గరా ఆ మచ్చ తగులుతుంది. అలాగే విలన్ల ఇంటిపేర్లన్నీ ఒకే కులానికి, ఒకే మతానికి చేరకుండా చూసుకో. రెండో సంచికలో తెలియకుండానే అలా జరిగింది.

ఇక అప్పు సంగతి. 2015 డిసెంబరులో బెజవాడ కాల్‌మనీ వ్యవహారం పత్రికలకెక్కింది కాబట్టి పాఠకుడికి మాట తెలుసు. లెక్క తెలియదు. అది నువ్వు చూపించాలి. రోజువారీ ఫైనాన్సునే ఉదాహరణగా తీసుకో: పుస్తకంలో పదివేలు రాసుకుని చేతిలో ఎనిమిదిన్నర వేలు పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. ఒక రోజు తప్పితే మర్నాడు రెండొందలు. దీనికి తోడు తేదీ వేయని ప్రోనోటు, సంతకం చేసిన ఖాళీ చెక్కు. ఆ ఖాళీ కాగితం ఏ దెయ్యం కన్నా భయంకరం. దానికి ఒక పేజీ మొత్తం ఇవ్వు.

ఈ వంద రోజుల లెక్కనే దెయ్యానికి కట్టేయి. ఇప్పుడు నీ చచ్చినవాళ్లు ఎప్పుడు పడితే అప్పుడు, ఎక్కడ పడితే అక్కడ వస్తున్నారు. నియమం లేని దెయ్యానికి భయపడలేం, ఎందుకంటే ఎదురుచూడటానికి ఏమీ ఉండదు. పేటకు సరిగ్గా వంద మెట్లు పెట్టు. కట్టని ప్రతి వాయిదాకు కాలువలోని మనిషి ఒక మెట్టు ఎక్కుతాడు. అరవయ్యో మెట్టు మీది ఇల్లు అరవై రోజులు ఓర్చుకోగలదు. ఇప్పుడు పాఠకుడే వేళ్ల మీద లెక్కపెట్టుకుంటాడు. పైనున్నవాళ్లు తమకు ఇంకా టైముందనుకుంటారు. నలభయ్యో మెట్టు ఇంటావిడకు ఏం తోచాలి? పైవాడి బాకీ తన తలుపు మీదుగా నడిచిపోతుందని. ఇరుగుపొరుగు ఒకరినొకరు ఎలా చూసుకుంటారన్నదే మిగతా సంచికలకు కథ.

పేజీ పనికి వద్దాం. అచ్చులో 1, 3, 5 కుడివైపు పడతాయి. కుడి పేజీ ఆఖరి ప్యానెల్ (బొమ్మగడి) ప్రశ్న అడగాలి, తిప్పగానే ఎడమ పేజీ మొదటి ప్యానెల్ జవాబివ్వాలి. దెయ్యాన్ని నువ్వు 5వ పేజీలో చూపించావు. 4 చదువుతుండగానే చూపు పక్కకు పోతుంది, పని పాడైపోతుంది. ఆటో నడిపే అతన్ని వసూలుదారు పొడిచే ఘట్టం 7, 8 పేజీల్లో పదకొండు ప్యానెళ్లు తిన్నది. ఇలా మార్చి చూడు:

పేజీ 7, ఆఖరి ప్యానెల్. అప్పుల పుస్తకం, దగ్గరగా. పెన్ను ఒక గడి దగ్గర ఆగింది. వసూలుదారు గొంతు: ‘‘అబ్బాయి ఏ స్కూలమ్మా?’’

పేజీ 8, ప్యానెల్ 1, సగం పేజీ. పొద్దున. ఒక ఆడమనిషి మెట్ల మీద నీళ్లు కుమ్మరించి చీపురుతో కొడుతోంది. నాలుగు మెట్ల కింద నీళ్లు గోధుమరంగుకు తిరిగాయి. మాటల్లేవు.

ప్యానెల్ 2. కింద కూర్చున్న పిల్లాడు స్కూలు బూట్లు తడవకుండా కాళ్లు పైకెత్తుకున్నాడు.

ప్యానెల్ 3. ఎదురింటి తలుపు. శబ్దం: ‘టక్’.

కత్తి ఎక్కడా లేదు, అయినా హత్య మొత్తం ఉంది. ఒకటి గమనించు, వసూలుదారు బెదిరించలేదు. నీ రౌడీలంతా సినిమా డైలాగులు కొడుతున్నారు. వసూలుకొచ్చేవాడు అన్నం తిన్నారా అని అడుగుతాడు, పిల్లల చదువు అడుగుతాడు. వాడి నోట కృష్ణా జిల్లా మాటతీరు పెట్టు. ‘‘రేపు మాత్రం నన్ను మెట్లెక్కించమాక అక్కా’’ అంటే చాలు.

మామూలు పేజీకి ఐదారు ప్యానెళ్లు. ఊపిరి బిగబట్టాల్సిన చోట తొమ్మిది దాకా పోవచ్చు, అప్పుడు ప్యానెల్‌కు ఒక్క పనే. బెలూన్‌కు పన్నెండు, పదిహేను మాటలు మించితే బొమ్మ చచ్చిపోతుంది. తెలుగు మాటలు పొడుగు: ‘వెళ్లిపోతున్నానంటున్నాడు’ ఒక్కటే ఒక వరస తినేస్తుంది. మధ్యలో విరిస్తే చదివేవాడు తడబడతాడు. కాబట్టి చిన్న మాటలు ఎంచుకో, ప్యానెల్ పై మూడోవంతు ఖాళీగా వదలమని బొమ్మలేసే అబ్బాయికి ముందే రాయి. మొదట మాట్లాడేవాడు ఎడమవైపు నిలబడాలి. వత్తులు కిందికి, గుడులు పైకి వస్తాయి కనుక అక్షరం సైజుకు వరసల మధ్య దూరం 130 శాతమైనా ఉంచు. అక్షరాలను పక్కకు వాల్చొద్దు, తెలుగు అలా వాలితే విరిగినట్టుంటుంది. నొక్కి చెప్పాలంటే లావు చెయ్యి. యూనికోడ్‌లో రామభద్ర, మల్లన్న, ఎన్టీఆర్, ధూర్జటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో వత్తులు విడిపోయి పక్కన పడుతుంటే చాలాసార్లు తప్పు ఫాంట్‌ది కాదు, పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టలేదని అర్థం.

శబ్దాల దగ్గర నాకు నిజంగా బాధేసింది. తెలుగువాడివై ఉండి ‘క్రాష్’, ‘బ్యాంగ్’ ఏమిటి? మనకు కిర్రు ఉంది, సర్రు ఉంది, దభీ, గుబుక్, బుడుంగ్, చిటుక్, ఖంగు ఉన్నాయి. తడి కాలు రాతిమెట్టు మీద పడితే ‘తప్’. అదే నీ సీరియల్ సంతకం కావాలి. మొదటి సంచికలో చిన్నగా, కాలువ పక్కన, ఒక్కసారి. ప్రతి సంచికలో కొంచెం పెద్దగా, కొంచెం పైన.

శవాల గురించి ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయాలి. నీ స్క్రిప్టులో మూడు రోజుల శవం నిన్న పడుకున్నట్టుంది. బిగుసుకోవడం రెండు మూడు గంటల్లో రెప్పలు, దవడ, మెడ దగ్గర మొదలై పన్నెండు గంటలకు ఒళ్లంతా పాకుతుంది, తర్వాత అదే సడలిపోతుంది. మన ఎండలకు ఇంకా తొందర. ఎండాకాలమైతే పొట్ట కుడివైపు కింద పచ్చరంగు పన్నెండు నుంచి పద్దెనిమిది గంటల్లో కనబడుతుంది. నీళ్లలో పోయినవాడి అరచేతులు, అరికాళ్లు తెల్లగా ముడతలు పడతాయి. శవం ముందు మునుగుతుంది. వేసవిలో ఒక రోజుకు, చలికాలంలో రెండు మూడు రోజులకు బోర్లా తేలుతుంది. నెత్తురు తడిగా ఉన్నప్పుడే ఎరుపు, ఆరితే గోధుమ, ఆపైన నలుపు. పేటలో ఇంకా పాత సోడియం దీపాలే ఉన్నాయనుకుంటే రాత్రి వీధిలో ఎరుపు ఎరుపుగా కనబడనే కనబడదు. కాబట్టి ఎర్రరంగు దాచుకో. సంచికకు ఒక్క ప్యానెల్. బతికినవాళ్ల గాయాలకూ ఒక పట్టిక పెట్టుకో: అరచేతి కుట్లు తీయడానికి పది నుంచి పద్నాలుగు రోజులు, ముంజేతి కట్టుకు సుమారు ఆరు వారాలు. నీ నాయిక చెయ్యి విరిగిన నాలుగో రోజు బిందె ఎత్తింది.

స్టేషన్ దృశ్యాల్లో ఎస్సై ‘302 పెట్టు’ అంటాడు, అది పాత ఐపీసీలో హత్య సెక్షను. నీ కథ జరిగేది 2025లో. 2024 జులై 1 నుంచి జరిగిన హత్యకు భారతీయ న్యాయ సంహిత 103 పడుతుంది. అనుమానాస్పద మరణానికి పాత సీఆర్‌పీసీ 174 పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194 వచ్చింది. అంతకు ముందు జరిగిన నేరాలకు పాత సెక్షన్లే. స్టేషన్లో రాతపని చేసేది రైటర్, ఆయన్ని మరిచిపోకు. పంచనామాకు సాక్షి సంతకం పెట్టమంటే పేటలో ఎవరూ ముందుకు రాని ఆ అరపేజీ, నీ వెంటాడే దృశ్యాలన్నిటికన్నా గట్టిగా నిలుస్తుంది. అత్యాచార ఘట్టం ఉన్న 19వ పేజీ తీసెయ్. ఆ అమ్మాయి కథకు అక్కడ బొమ్మ కావడం తప్ప పనేమీ లేదు. నిజం కేసు ఆధారంగా తీసుకుని ఉంటే ఇంకా జాగ్రత్త, బాధితురాలిని గుర్తుపట్టేలా అచ్చువేయడం న్యాయ సంహిత 72 కింద నేరం.

మన దేశంలో ఇలాంటి బొమ్మల కథలకూ వర్తించే ఒక చట్టం ఉంది: 1956 నాటి యువజనుల హానికర ప్రచురణల చట్టం. నేరాలు, క్రూరత్వం, జుగుప్స కలిగించే ఘటనలే ప్రధానంగా ఉండి, మొత్తం మీద చిన్నవాళ్లను చెడగొట్టే తీరులో ఉన్న ప్రచురణలు దాని కిందికొస్తాయి. ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ‘మొత్తం మీద’ అన్న మాట గుర్తుంచుకో. హింసకు మర్నాడు ఉన్న కథ ఆ పరీక్షకు నిలబడే అవకాశం ఎక్కువ. అట్ట మీద ‘పెద్దలకు మాత్రమే’ అని పెద్దగా వేయి, పిల్లల పత్రికల పక్కన పెట్టొద్దని కొట్టువాళ్లకు చెప్పు. అమెరికాలో 1954 ఏప్రిల్‌లో సెనేట్ ఉపసంఘం ముందు ఈసీ కామిక్స్ ప్రచురణకర్త విలియం గెయిన్స్‌ను నిలదీసినప్పుడు గట్టిగా నిలిచిపోయింది ఒక అట్టబొమ్మ సంగతి: ఒక చేతిలో తెగిన ఆడదాని తల, ఇంకో చేతిలో గొడ్డలి. ఆ ఏడాది చివరికల్లా ప్రచురణకర్తలే తమకు తాము పెట్టుకున్న కామిక్స్ కోడ్ ‘హారర్’, ‘టెర్రర్’ అన్న మాటలను పేర్లలోంచే తీయించింది. నువ్వు అనుకున్న అట్టమీద కూడా తలే ఉంది. దాని బదులు ఖాళీ మెట్లు, తడి పాదాల గుర్తులు.

అచ్చు సంగతి క్లుప్తంగా. 20×30 కాగితం మీద క్రౌన్ 1/4 సైజుకు ఫారానికి (రెండు వైపులా అచ్చయ్యే ఒక పెద్ద కాగితానికి) 16 పేజీలు, నీ 24 ఒకటిన్నర ఫారాలు. బొమ్మ ఒకటిన్నర రెట్లు పెద్దగా వేయించు, నలుపుతెలుపు గీత 600 డీపీఐ, రంగుది 300, చుట్టూ మూడు మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపుకు అదనంగా వదిలే అంచు). అక్షరాలు నల్లసిరా ఒక్కదానితోనే పడాలి. నాలుగు రంగులూ కలిపితే ప్లేటు వెంట్రుకవాసి జరిగినా వత్తులు మసకబారతాయి. రాత్రి దృశ్యాల నలుపు చప్పగా రాకుండా సయాన్ 60, మెజెంటా 40, ఎల్లో 40 కలపొచ్చు. న్యూస్‌ప్రింట్ మీద మాత్రం అంత సిరా పీల్చుకుని వెనక పేజీకి దిగుతుంది, ముందు ప్రెస్‌లో నమూనా తీయించు. బొమ్మలేసే అబ్బాయి ఒక్కడే పెన్సిలూ ఇంకూ చేస్తే వారానికి మూడు నాలుగు పేజీలు. అంటే ఒక సంచికకు రెండు నెలలు. రెండు సంచికలు చేతిలో ఉంచుకుని గానీ మొదటిది వదలకు.

ఇప్పుడు మూడో సంచిక పక్కన పెట్టు. వంద మెట్ల పటం గీసి, ఏ మెట్టు మీద ఎవరిల్లో, ఎవరికెంత బాకీయో రాసి పంపు. దానితోపాటు మొదటి సంచిక 6 నుంచి 9 పేజీలు తిరగరాసి పంపు. అవి చూశాక కాలువ కట్టేసే రోజు ఏ పేజీలో రావాలో మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ అన్న