ఐన్‌స్టీన్ నమ్మానన్న "స్పినోజా దేవుడు" ఎవరు?

1929లో న్యూయార్క్‌కి చెందిన ఒక యూదు మతగురువు "మీరు దేవుణ్ణి నమ్ముతారా?" అని ఐన్‌స్టీన్‌కి టెలిగ్రామ్ కొట్టాడు. జవాబుకయ్యే డబ్బు కూడా ముందే కట్టేశాడు! స్పినోజా దేవుణ్ణి నమ్ముతాను, మనుషుల తలరాతలూ మంచిచెడ్డలూ పట్టించుకునే దేవుణ్ణి కాదు అని ఐన్‌స్టీన్ బదులిచ్చాడు.

స్పినోజా 17వ శతాబ్దపు తత్వవేత్త, ఊరు ఆమ్‌స్టర్‌డామ్. 1656లో, 23 ఏళ్లకే, సొంత యూదు సమాజం ఆయన్ని వెలేసింది. తర్వాత కటకాలు (లెన్సులు) సానబట్టి బతికాడు. ఆయన లెక్కలో దేవుడూ ప్రకృతీ ఒకటే. లోకాన్ని చేసి పక్కన కూర్చున్న కుమ్మరి కాదు. మట్టీ ఆయనే, కుండా ఆయనే. ఆ దేవుడికి కోపతాపాలుండవు. ఎంత మొక్కుకున్నా పరీక్ష పాస్ చేయించడు.

"ఇది మన అద్వైతమే కదా" అంటారు చాలామంది. నాకు పూర్తిగా అలా అనిపించదు. అద్వైతం చెప్పిన ఆది శంకరుడికి జగత్తు మిథ్య, మసకచీకట్లో తాడుని చూసి పామనుకున్నట్టు. స్పినోజాకి మాత్రం జగత్తు భ్రమ కాదు, నిజంగానే ఉంది. ఆ మాటకొస్తే, జగత్తు భగవంతుడి శరీరం అన్న రామానుజుడే కాస్త దగ్గర. కాకపోతే రామానుజుడి నారాయణుడు శరణంటే దయచూపుతాడు. స్పినోజా దగ్గర ఆ ముచ్చటా లేదు. దేవుణ్ణి ప్రేమించేవాడు, దేవుడు తనని తిరిగి ప్రేమించాలని ఆశపడలేడు అంటాడాయన.