ఇన్సులిన్ వేసుకున్నాక మెదడుకి చక్కెర ఎందుకు అందదు?

"ఇన్సులిన్ చక్కెరని కణాల్లోకి పంపుతుంది కదా, మరి మా నాన్నగారు ఇంజెక్షన్ చేసుకుని టిఫిన్ ఆలస్యమైతే తికమకగా ఎందుకు మాట్లాడుతున్నారు?" అని మీరు అడిగారు. మూడేళ్ల కిందట నాకూ ఇదే అనుమానం వచ్చింది.

మాది విజయవాడ, కృష్ణలంక. కార్తీక సోమవారం అమ్మ తెల్లారకముందే కృష్ణలో స్నానం చేసి దీపం వదిలి వచ్చింది. నక్షత్రం కనపడేదాకా ఉపవాసం. షుగర్‌కి పొద్దున వేసుకునే గ్లిమెపిరైడ్ బిళ్ళ మాత్రం మానలేదు. మధ్యాహ్నం మూడింటికి నన్ను పిన్ని పేరు పెట్టి పిలిచింది. ఒళ్ళంతా చెమట. షుగర్ మీటర్లో 44 (mg/dL).

ఆ బిళ్ళ మనం తిన్నామా లేదా అని చూడదు, ఇన్సులిన్ వదిలిస్తుంది. ఇన్సులిన్ కండరాల్లో, కొవ్వులో గ్లూట్4 అనే వాహకాలని కణాల పైపొరకి తెస్తుంది. అవి చక్కెర లాగేసుకుంటాయి. కాలేయం కూడా చక్కెర వదలడం తగ్గిస్తుంది. అలా రక్తంలో చక్కెర పడిపోతుంది. మెదడు దారి వేరు. అక్కడి రక్తనాళాల గోడల్లో గ్లూట్1, నాడీకణాల మీద గ్లూట్3 ఉంటాయి. వాటికి ఇన్సులిన్‌తో పనిలేదు, రక్తంలో చక్కెర ఉంటే చాలు. అదే కరువైతే? బరువులో 2 శాతమే ఉన్న మెదడు శరీరం వాడే శక్తిలో దాదాపు 20 శాతం ఖర్చు చేస్తుంది, దాచుకునేది అతి తక్కువ. అందుకే మాట తడబడుతుంది. ఆకలి, జ్ఞాపకం చూసే భాగాల్లో ఇన్సులిన్‌కి వేరే పనులున్నాయి గానీ మీ నాన్నగారి విషయంలో అసలు సంగతి ఇదే.

ఆ చెమట, వణుకు శరీరం పెట్టే కేక. అడ్రినలిన్, గ్లూకగాన్ అనే హార్మోన్లు కలిసి కాలేయం చేత చక్కెర వదిలించాలని చూస్తాయి. బీపీకి బీటా బ్లాకర్ వాడేవాళ్ళకి గుండెదడ తెలియకపోవచ్చు, చెమటని గమనించండి.

"ఉపవాసం పోతుందే" అని అమ్మ మొహం తిప్పుకున్నా వినలేదు. మూడు టీ చెంచాల పంచదార, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్ళలో కలిపి తాగించాను. 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూడాలి, 70 దాటకపోతే మళ్ళీ ఇవ్వాలి, దాటాక అన్నం పెట్టాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. అమ్మ తేరుకుని "దీపాల వేళైందా?" అంది. హమ్మయ్య అనుకున్నాను, కానీ రెండు గంటల్లో మళ్ళీ 66కి దిగింది. ఆ బిళ్ళ ప్రభావం చాలాసేపు ఉంటుందని అప్పుడే తెలిసింది.

మీ నాన్నగారు ఏ ఇన్సులిన్, ఎన్ని యూనిట్లు వేసుకుంటున్నారో, ఎంతసేపటికి తింటున్నారో వారం రోజులు రాసి డాక్టరుగారికి చూపించండి. డోసు మీరే తగ్గించకండి.