బ్లూ డాబర్‌మ్యాన్‌కి వీపు మీద బొచ్చు రాలుతోంది, గజ్జేనా?

ఏడాదిన్నర బూడిద రంగు డాబర్‌మ్యాన్, వీపు మీద బొచ్చు పలచబడుతోంది, గోక్కోవడం మాత్రం లేదు, ఇది గజ్జేనా అని కదా మీరు అడిగింది. మా రాకీగాడికీ అచ్చం ఇంతే.

మాది కావలి. ఈ బూడిద రంగునే 'బ్లూ' అంటారు, అరుదైనదని చెప్పి నల్ల పిల్ల కంటే ఎక్కువ రేటుకి అమ్మారు. ఏడాది దాటేసరికి వాడి నడుము చిమటలు కొట్టిన కంబళిలా అయింది. వీధి వీధంతా గజ్జి అని తేల్చేశారు. కానుగ నూనె పూశాం, వేపాకు కాచి పోశాం. బండిలోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ పూయమన్నాడు ఒకాయన, మా అమ్మ పడనివ్వలేదు. మీకూ ఎవరో ఒకరు చెప్తారు, వినొద్దు. కుక్క దాన్ని నాకుతుంది, అది విషం. చర్మం గీకి చూడకుండానే ఒకచోట రెండు నెలలు గజ్జి ఇంజెక్షన్లు కూడా వేశారు.

చివరికి నెల్లూరులో ఒక డాక్టరమ్మ, కళ్లపైన, కాళ్ల మీద ఉండే గోధుమ రంగు మచ్చల్లో బొచ్చు ఎలా ఉందో చూడమంది. నిగనిగలాడుతోంది! అన్నాళ్లూ మాకు తట్టనే లేదు. చర్మం గీకి చూస్తే పురుగు లేదు. నాలుగు వెంట్రుకలు పీకి మైక్రోస్కోపులో చూపించింది. లోపల రంగు గడ్డలు గడ్డలుగా పేరుకుంది, వెంట్రుక అక్కడే విరుగుతోంది. కలర్ డైల్యూషన్ అలోపీషియా అంటారట, అంటే ఇలా పలచబడ్డ రంగు ఉన్న చోటే బొచ్చు రాలడం, అందుకే గోధుమ మచ్చలు బాగున్నాయి. అంటువ్యాధి కాదు, పుట్టుకతో వచ్చింది. బ్లూ కుక్కలన్నిటికీ రావాలనీ లేదు.

దీన్ని నయం చేసే మందు లేదు. మొదట్లో జీర్ణం కాలేదు, తర్వాత ఖర్చు తగ్గిందనిపించింది. ఘాటు షాంపూలు, గట్టి బ్రష్షు మానేశాం. రోహిణి కార్తెలో పగలు బయటికి వదలం, బోడి వీపు ఎండకి కాలిపోతుంది. చీము పొక్కులు వస్తే మాత్రం ఆలస్యం చేయకండి, అది బ్యాక్టీరియా, అప్పుడు దురద కూడా మొదలవుతుంది, దానికి మందుంది. థైరాయిడ్ తక్కువైనా ఇలాగే దురద లేకుండా రాలుతుంది కాబట్టి ఆ రక్తపరీక్ష కూడా అడగండి.

రాకీని అమ్మినాయనేమో, 'వాడి తల్లీతండ్రీ రెండూ నల్ల కుక్కలే, మా తప్పేముంది' అన్నాడు. నల్లవైనా రెండిటిలో రంగుని పలచన చేసే జన్యువు దాగుంటే ప్రతి పిల్లకీ నాలుగో వంతు అవకాశంతో బ్లూ రంగు వస్తుంది. ఆయనే మొన్న ఫోన్ చేసి రాకీని మేటింగ్‌కి అడిగాడు, బ్లూ పిల్లలకి గిరాకీ బాగుందట. పంపనని చెప్పేశా.