పెదనాన్నగారి నవల పూర్తి చేసే ముందు

విజయనగరం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ పెదనాన్నగారి డిటెక్టివ్ నవల జిరాక్సు అందింది. పదకొండు అధ్యాయాలున్నాయి, హంతకుడెవరో లేదు. పన్నెండోది అప్పుడే మొదలుపెట్టకమ్మా. హంతకుణ్ణి నువ్వు కల్పించకూడదు, ఆయన కాగితాల్లోనే వెతికి పట్టుకోవాలి. ఆ పదకొండింటిలో లేని మనిషిని చివర్లో తెచ్చి నేరం అంటగడితే చదివేవాళ్లు క్షమించరు.

అన్నిటికంటే ముందు కొట్టివేతలు చూడు. జిరాక్సులో సిరా రంగు తెలీదు, అసలు ప్రతే చూడాలి. దానిమీద మాత్రం పెన్ను పెట్టకు. రెండో అధ్యాయంలో "వెండి చెంబు" కొట్టేసి "బుడితి చెంబు" అని దిద్దారు. బుడితి అంటే శ్రీకాకుళం జిల్లాలో కంచు, ఇత్తడి పాత్రలకి పేరున్న ఊరు. ఆ దిద్దుబాటు సిరా ఏడో అధ్యాయం సిరాతో కలిస్తే, అంతదూరం రాశాక వెనక్కొచ్చి మార్చారన్నమాట. ఊరికే మార్చరు. పల్చటి వెండి చెంబుతో తలమీద కొడితే చెంబే సొట్టపోతుంది, కంచు అలా కాదు. లేదంటే బుడితి వైపు మనిషిమీదికి అనుమానం మళ్లించాలనుకున్నారు. ఏడో అధ్యాయంలో గాయం వర్ణన ఉంది కదా, ఈ రెండిట్లో ఏదో అదే తేలుస్తుంది.

తర్వాత 200 పేజీల నోటుపుస్తకంలో నాలుగు గడులు గియ్యి: పేజీ, ఆధారం, ఎవరికి తెలుసు, ఎప్పుడు తెలిసింది. దెబ్బతినేది చివరి రెండు గడుల్లోనే. డిటెక్టివ్ తనకెవరూ చెప్పని సంగతి పట్టుకుని ముడి విప్పేస్తాడు, రాసేవాళ్లు గమనించరు. వేళలూ సరిచూడు. శ్రీకాకుళానికి రైల్లో వచ్చినవాడు ఆమదాలవలసలో దిగాలి, అక్కణ్ణుంచి ఊళ్లోకి రావడానికి పట్టే సమయం కలపాలి.

భాష సంగతి: ఆయన పాత్రలు "ఏటి" అంటాయి, కథనం "ఏమిటి" అంటుంది. ఆ గీత చెరపకు. పది పేజీల్లో వాక్యానికెన్ని మాటలో లెక్కపెట్టుకుని, నీ పేజీలు దాంతో పోల్చు.

ఎర్రన అరణ్యపర్వ శేషాన్ని నన్నయ రాసినట్టే పూరించి రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. ఈ కాలానికి అది కుదరదు. అమెరికా డిటెక్టివ్ నవలల రచయిత చాండ్లర్ 1959లో పోతూ నాలుగు అధ్యాయాలు మిగిల్చిన నవలని ఇంకో రచయిత పార్కర్ 1989లో పూర్తి చేస్తే, పుస్తకంమీద ఇద్దరి పేర్లూ వేశారు. నువ్వూ అలాగే వేయించు. నీ రాత ఏ అధ్యాయంనుంచో ముందుమాటలో చెప్పు. రచయిత పోయాక మొదటిసారి అచ్చయ్యే పుస్తకానికి కాపీరైటు, అచ్చయిన తర్వాతి ఏడాదినుంచి 60 ఏళ్లుంటుంది, కాబట్టి వారసులందరి సంతకాలతో అనుమతి కాగితం ఇప్పుడే తీసుకో. అచ్చయ్యాక అడిగితే మాటలొస్తాయి.

నోటుపుస్తకం నిండాక, గాయం వర్ణన పేరాతో సహా పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్నగారి స్నేహితుడు