వైజాగ్ బీచ్ రోడ్డు, అరకు ఘాట్ రెండూ ఒకే సైకిల్ ట్రిప్‌లో కావాలంటే గోస్తనీ నది వెంట పైకి వెళ్ళండి

మీరు అడిగింది ఏంటంటే, హైదరాబాద్ నుంచి నాలుగైదు రోజుల సెలవులో వెళ్ళాలి, సముద్రం పక్కన సైకిల్ తొక్కాలి, అక్కడి నుంచే కొండలు కూడా ఎక్కాలి, మీరూ మీ తమ్ముడూ ఇద్దరే, సామాను మొత్తం సైకిళ్ళ మీదే, పైగా తమ్ముడికి లోడుతో తొక్కడం ఇదే మొదటిసారి. ఇలా అడిగితే ఎవరికైనా ముందు గోవా, పాండిచ్చేరి గుర్తొస్తాయి. నేనైతే వైజాగే అంటాను. మూడుసార్లు వెళ్ళొచ్చాను, మొదటిసారి తప్పు దారిలో వెళ్ళాను కాబట్టి ఆ తేడా ఏంటో కూడా చెప్పగలను.

మొదటిసారి అందరూ కార్లలో వెళ్ళే దారే పట్టాను. ఒకరోజు సాయంత్రం ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను, మర్నాడు పొద్దున పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా ఒకే రోజులో అరకు వెళ్ళిపోదాం అని బయల్దేరాను. వైజాగ్ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు, అందులో చివరి సగం ఘాట్. పొద్దునంతా లారీల మధ్య తొక్కి, ఎస్.కోట చేరేసరికే కాళ్ళు అయిపోయాయి, ఘాట్‌లో సగం దూరం సైకిల్ నెట్టుకుంటూ నడిచాను. సముద్రం ఒక ట్రిప్పు, కొండ ఇంకో ట్రిప్పు, రెండిటికీ సంబంధమే లేనట్టు అయిపోయింది.

రెండోసారి భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట ఆగాను. పొద్దున ఆరు కూడా కాలేదు, ఆటు టైం, నది నీళ్ళు ఇసక మీద పల్చగా, వేలి మందాన పారుతున్నాయి, ఒక అల వచ్చినప్పుడల్లా ఆ నీళ్ళు వెనక్కి మళ్ళి ఒక్క క్షణం ఆగి మళ్ళీ ముందుకు పోతున్నాయి. పక్కనే వల చిక్కులు తీసుకుంటున్న ఒక పెద్దాయన "ఏటి బాబూ, ఇంత పొద్దున్నే ఎక్కడికి ఎలిపోతన్నారు" అని అడిగాడు. అరకు అన్నాను. ఆయన చేత్తో నీళ్ళు చూపించి "ఇది ఆ కాడ నుంచే ఒస్తది, బొర్రా కాడ నుంచి" అన్నాడు. నాకు ఆ సంగతి పుస్తకంలో తెలుసు గానీ రూట్‌గా ఎప్పుడూ ఆలోచించలేదు. గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల కింద నుంచి పారి, తాటిపూడి రిజర్వాయర్‌లో చేరి, పద్మనాభం, తగరపువలస మీదుగా వచ్చి భీమిలిలో సముద్రంలో కలుస్తుంది. అంటే నది దిగొచ్చిన దారిలో మనం ఎక్కుతాం. అప్పటి నుంచి ఎవరడిగినా నేను చెప్పేది ఈ రూట్ ఒక్కటే.

అనంతగిరి అంటే మన వికారాబాద్ అనంతగిరి కాదు, పేరు ఒకటే. అక్కడ మూసీ పుడుతుంది, ఇక్కడ గోస్తనీ. ప్రాక్టీస్‌కి మాత్రం మన అనంతగిరే మస్తు పనికొస్తుంది. చేవెళ్ళ మర్రిచెట్ల రోడ్డు మీదుగా వెళ్ళి ఆ చివరి ఎక్కుడు ఎక్కి రండి, కానీ లోడుతో వెళ్ళండి, ఖాళీ సైకిల్‌తో ఎన్నిసార్లు ఎక్కినా లోడు సంగతి తెలీదు. కోకాపేట వైపు ఓఆర్ఆర్ పక్కన సోలార్ ప్యానెళ్ళ కింద ఉన్న ట్రాక్ 23 కిలోమీటర్లు, బాగుంటుంది కానీ అది చదును, అక్కడ ఎంత తొక్కినా ఘాట్‌కి సిద్ధం కారు.

సైకిల్ తీసుకెళ్ళడం గురించి. రైలే మంచిది. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్. మీ టికెట్ చూపించి సైకిల్ లగేజీగా బుక్ చెయ్యమని స్పష్టంగా అడగండి, ఉత్త పార్సిల్‌గా రాస్తే మీరొక బండిలో, సైకిల్ ఇంకో బండిలో వచ్చే అవకాశం ఉంది. పెడల్స్ విప్పి, హ్యాండిల్ తిప్పి కట్టేసి, అన్నిటికంటే ముఖ్యంగా వెనక డిరైలర్ (గేర్లు మార్చేటప్పుడు చెయిన్‌ని జరిపేది) ఊడదీసి గుడ్డలో చుట్టి ఫ్రేమ్ లోపలి వైపు కట్టండి. రెండోసారి నేను ఒక ప్రైవేట్ బస్సు డిక్కీలో పెట్టి తీసుకెళ్ళాను, డిరైలర్ విప్పే ఓపిక లేక అలాగే వదిలేశాను, దాని ఫలితం కింద చెప్తాను.

మొదటి రోజు భీమిలి దాకానే పెట్టుకోండి, సిటీలోంచి ముప్ఫై కిలోమీటర్లే కదా ఏం సరిపోద్ది అనుకోవద్దు. వైజాగ్‌లో మనకంటే దాదాపు 20 నిమిషాలు ముందే తెల్లారుతుంది, సాయంత్రం చీకటీ అంతే ముందు పడుతుంది, డిసెంబర్‌లో ఐదున్నరకల్లా లైట్లు వేసుకోవాలి. ఇంకొకటి గాలి. చలికాలంలో అక్కడ ఈశాన్యం గాలి, బీచ్ రోడ్డు కూడా వైజాగ్ నుంచి ఈశాన్యానికే పోతుంది, అంటే మీకు ఎదురుగాలే. పొద్దెక్కే కొద్దీ సముద్రం గాలి కూడా కలుస్తుంది. అందుకే రైలు దిగాక వీలైనంత త్వరగా సైకిల్ ఎక్కేసి, కైలాసగిరి, రుషికొండ దాటి ఎండ ముదరకముందే మంగమారిపేట చేరుకుంటే హాయి. రుషికొండ దగ్గర రోడ్డు పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది, ఒక్కో దిగుడులో సముద్రం మొత్తం ఎదురుగా పరుచుకుంటుంది, అక్కడ మీ తమ్ముడు ఫోన్ తియ్యడానికి ఒంటి చేత్తో తొక్కుతాడేమో, ఆపించి తీయించండి, రోడ్డు మీద ఇసక ఉంటుంది, టైరు జారుతుంది.

దారిలో తొట్లకొండ తప్పకుండా ఎక్కండి, గేటు తెరిచే టైం మాత్రం ముందే చూసుకోండి. పాత బౌద్ధారామం, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి కాబట్టి ఆ పేరు. నేను ఎక్కమనేది చూడ్డానికి మాత్రమే కాదు. సముద్రం నుంచి దాని ఎత్తు 128 మీటర్లు, రోడ్డు నిటారుగా ఉంటుంది, మీ గేర్లు ఘాట్‌కి సరిపోతాయా లేదా అనేది అక్కడే తేలిపోతుంది. నాకు తేలింది కూడా అక్కడే. చివరి మలుపులో అన్నిటికంటే తేలిక గేర్‌లో వేశాను, చెయిన్ పెద్ద పళ్ళచక్రం దాటి వెళ్ళి స్పోకుల్లో పడింది. బస్సు డిక్కీలో హ్యాంగర్, అంటే డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న ముక్క, లోపలికి వంగిపోయింది. ఆ గేర్ లేకుండా ఘాట్ ఎక్కడం అంటే మళ్ళీ నడకే.

తగరపువలసలో ఒక పంక్చర్ షాపు. ఆయన దగ్గర గేర్ సైకిళ్ళ పనిముట్లేవీ లేవు. చూశాడు, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత రిపేర్‌కి వచ్చిన ఒక పిల్లల గేర్ సైకిల్ వెనక చక్రం విప్పాడు, దాని ఇరుసు నట్టు తీసేసి, ఆ ఇరుసు కొనని నా హ్యాంగర్ చిల్లులోకి బోల్టులాగా తిప్పాడు. ఇప్పుడు నా చక్రం పక్కనే ఇంకో చక్రం నిలబడింది. రెండు చక్రాల మధ్య సందుని పైన, కింద, ముందు, వెనక వేళ్ళతో కొలుస్తూ, ఎక్కడ ఎక్కువుందో అక్కడ ఆ చక్రాన్ని మెల్లగా తోస్తూ పది నిమిషాల్లో రెండిటినీ సమానం చేశాడు. హ్యాంగర్ సరిగ్గా అయిపోయింది. వంద ఇస్తే యాభై వెనక్కిచ్చాడు. అల్యూమినియం హ్యాంగర్ ఇలా ఒకసారి వంచొచ్చు, మళ్ళీ మళ్ళీ వంచితే విరుగుతుంది, కాబట్టి మీ ఫ్రేమ్‌కి సరిపోయే స్పేర్ హ్యాంగర్ ఒకటి కొని సంచిలో వేసుకోండి, బరువేం ఉండదు.

ఎర్రమట్టి దిబ్బలు భీమిలికి ముందే వస్తాయి. సైకిల్ బయట పెట్టి నడిచే చూడండి ప్లీజ్. గాలి, వాన, సముద్రం కలిసి వేల ఏళ్ళుగా పోగేసిన ఇసక అది, టైరు గాడి పడితే ఆ గాడిలోంచే వాన నీళ్ళు కోసుకుంటూ పోతాయి. లోపల తొక్కుతూ వీడియోలు తీసుకునేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. రాత్రి భీమిలిలో ఉండండి, లైట్‌హౌస్, పాత డచ్ సమాధులు సాయంత్రం చూడొచ్చు. పడుకునే ముందు చెయిన్‌ని తడి గుడ్డతో తుడిచి, ఆరాక నూనె వెయ్యండి, ఉప్పుగాలికి ఒక్క రాత్రిలో లింకుల మీద ఎర్రగా తుప్పు లేస్తుంది, మన పొడి గాలికి అలవాటైనవాళ్ళకి ఈ సంగతి తట్టదు. ఒంటికి కూడా అంతే, అక్కడ చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది. గంటకోసారి ఓఆర్ఎస్, కనపడ్డప్పుడల్లా కొబ్బరి బొండం.

రెండో రోజు నా మటుకు నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజు, అరకు కంటే కూడా. తగరపువలసలో హైవే దాటాక పద్మనాభం వైపు తిరిగితే ఇక లారీలు లేవు. తాటిచెట్లు, జీడి తోటలు, మామిడి తోటలు, ఊరూరికీ ఒక టీ బడ్డీ. పద్మనాభం కొండ మీద గుడికి వెయ్యికి పైగా మెట్లు, 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయింది ఈ ఊళ్ళోనే. మెట్లు ఎక్కొద్దు, మర్నాడు కాళ్ళు కావాలి. అక్కడి నుంచి పల్లె రోడ్ల మీద తాటిపూడి. 1960ల్లో కట్టిన రిజర్వాయర్, వైజాగ్ సిటీకి తాగే నీళ్ళు ఇక్కడి నుంచీ వెళ్తాయి, అంటే ముందురోజు మీరు బాటిల్లో పట్టుకున్న నీళ్ళు ఇవే అయ్యుండొచ్చు. గట్టు మీద నిలబడితే నీళ్ళకి అవతల తూర్పు కనుమలు గోడలాగా కనిపిస్తాయి. అది చూసి తమ్ముడు భయపడితే ఏం కాదని చెప్పండి, రోడ్డు ఆ గోడ మీద నిటారుగా పోదు, చుట్టు తిరిగి తిరిగి పోతుంది. రాత్రికి ఎస్.కోట. ఈ రోజు యాభై, అరవై మధ్య పడుతుంది.

మూడో రోజు చీకటితోనే లేవండి. ఎస్.కోట దాటాక బౌడారా, అక్కడి నుంచి కాశీపట్నం, టైడా, డముకు, అలా ఎక్కుతూనే ఉంటుంది. ఏ ఒక్క ఎక్కుడూ ప్రాణం తీసేంత నిటారుగా ఉండదు కానీ అస్సలు ఆగదు, అదే దీని సంగతి. లోడుతో గంటకి ఏడెనిమిది కిలోమీటర్లు వస్తే చాలు. ఊపిరి ఆడుతూ మాట్లాడగలిగే స్పీడ్‌లో తొక్కండి, తమ్ముణ్ణి ముందు పెట్టి మీరు వెనక ఉండండి, మీరు ముందుంటే ఆ పిల్లాడు మీ వేగం అందుకోబోయి గంటలో అలిసిపోతాడు. నేను చివరిసారి వెళ్ళినప్పుడు రోడ్డు వెడల్పు పనులు జరుగుతున్నాయి, దుమ్ముకి మూతికి కట్టుకోవడానికి ఒక తువ్వాలు ఉంచుకోండి. లోయకి అవతలి వైపు కిరండూల్ రైలు లైను కనిపిస్తూ మాయమవుతూ ఉంటుంది, దాని మీద యాభైకి పైగా సొరంగాలున్నాయి, రైలు ఒక సొరంగంలోంచి బయటికొచ్చి ఇంకోదాంట్లోకి దూరేదాకా ఆగి చూడటం నాకు ప్రతిసారీ అలవాటు. శని ఆదివారాలు మాత్రం వద్దు, డిసెంబర్ వీకెండ్లో ఈ రోడ్డంతా కార్లే.

మధ్యలో బొర్రాకి పక్కదారి చీలుతుంది. గుహలు సుమారు 700 మీటర్ల ఎత్తులో, మెయిన్ రోడ్డుకి కిందగా ఉంటాయి, దిగితే మళ్ళీ ఎక్కాలి. అలిసిపోయి వదిలేద్దాం అనిపిస్తుంది, వదలొద్దు. గోస్తని అంటే ఆవు పొదుగు. లోపల చీకట్లో పైనుంచి నీళ్ళు చుక్కచుక్కగా రాలుతుంటాయి, కిందెక్కడో నది పారుతుంటుంది, రెండు రోజుల కింద భీమిలి ఇసకలో వేలి మందాన చూసింది ఈ నదినే. బయట కోతులుంటాయి, సైకిల్ మీద అరటిపళ్ళు, బిస్కెట్ ప్యాకెట్లు పైకి కనిపించేలా వదలకండి. బయట బొంగు చికెన్ పొయ్యిలుంటాయి, తినండి గానీ కడుపు నిండా కాదు, ఎక్కుడు ఇంకా ఉంది.

ఆ రాత్రి అరకు దాకా లాగకుండా అనంతగిరిలో ఉండిపోతే మంచిది, టూరిజం వాళ్ళ హరిత రిసార్ట్ ఉంది, ముందే బుక్ చేసుకోండి. అరకు ఎత్తు 900 మీటర్ల పైచిలుకే, కానీ రోడ్డు గాలికొండ దగ్గర దానికంటే బాగా పైకెక్కి తర్వాత లోయలోకి దిగుతుంది, సాయంత్రం మంచులో ఆ దిగుడు దిగొద్దు. నాలుగో రోజు పొద్దున దిగితే సుంకరమెట్ట దగ్గర కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, వాటి నీడలో ఎర్రటి కాఫీ పళ్ళు. అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. నవంబర్ చివర, డిసెంబర్ మొదట్లో వెళ్తే వలిసె పూలు, పొలాలన్నీ పసుపు. అక్టోబర్, నవంబర్ మొదట్లో తుఫానులు ఉంటాయి కాబట్టి అప్పుడు ప్లాన్ చెయ్యకపోవడమే మేలు.

తిరుగు దారి సైకిల్ మీదైతే బ్రేకుల సంగతి చూసుకోండి. లోడుతో అంత పొడుగు దిగుడులో బ్రేక్ అలా నొక్కిపట్టి ఉంచితే రిమ్ కాలిపోతుంది, గట్టిగా ఒకసారి నొక్కి వదిలెయ్యాలి, ముందూ వెనకా మార్చి మార్చి నొక్కాలి. మూడు నాలుగు కిలోమీటర్లకోసారి ఆగి రిమ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు, వేడి దూరం నుంచే తెలుస్తుంది. కొత్త బ్రేక్ ప్యాడ్లు హైదరాబాద్‌లోనే వేయించుకుని రండి. తమ్ముడికి దిగుడు భయమైతే అరకు నుంచి రైల్లో దిగిపోవచ్చు, సైకిల్ ఎక్కిస్తారో లేదో ముందురోజే స్టేషన్లో అడగాలి.

మీ ఇద్దరి సైకిళ్ళకీ ముందు చిన్న పళ్ళచక్రానికి ఎన్ని పళ్ళు, వెనక పెద్దదానికి ఎన్ని పళ్ళు లెక్కపెట్టి చెప్పండి. ముందు 28, వెనక 34 ఉంటే ఏం మార్చక్కర్లేదు. ముందు 38 దాటి ఉంటే మాత్రం బయల్దేరే ముందే మార్పించాలి, ఏది వెయ్యాలో చూసి చెప్తాను.