అడ్డుతెర వెనుక పెండ్లికూతురు

ప్రశ్న: నేను తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను. కళాశాల వార్షికోత్సవం కోసం గంటసేపు సాగే ప్రేమకథా నాటకం ఒకటి రాశాను. తిరుచానూరు రోడ్డులోని కల్యాణ మండపంలో వరుడు తాళి కట్టబోయే సమయానికి, అతడు నాలుగేళ్ళు ప్రేమించి మోసగించిన అమ్మాయి వచ్చి ‘ఈ పెండ్లి ఆపండి’ అని అరుస్తుంది. రెండు పేజీల సంభాషణ తరువాత అతనిని చెంపదెబ్బ కొడుతుంది. చదివినవారందరూ టీవీ సీరియల్‌లా ఉందంటున్నారు. ఎలా మార్చాలి? అప్పటికి ఆ పెండ్లి అయినట్టా, కానట్టా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. అందులో వరుడు ఉన్నాడు, మోసపోయిన అమ్మాయి ఉంది, చెంపదెబ్బ కూడా ఉంది. పెండ్లికూతురి మాట మాత్రం ఒక్కసారి కూడా లేదు. సన్నివేశం తేలిపోవడానికి అసలు కారణం అదేనని నాకు అనిపిస్తున్నది. ఆ మండపంలో మోసపోయినవారు ఒకరు కాదు, ఇద్దరు. రెండవ ఆమెకు ఆ సంగతి ఇంకా తెలియదు.

అందుకే ఆ అమ్మాయిని తాళి కట్టే వేళకు కాక, అంతకు ముందే, వధూవరుల నడుమ అడ్డుతెర పట్టుకొని ఉన్నప్పుడే రప్పించండి. సుముహూర్తానికి జీలకర్ర బెల్లం ఒకరి తల మీద ఒకరు ఉంచిన తరువాతనే గదా తెర తీస్తారు. అంతవరకు పెండ్లికూతురు చేతిలో ఆ ముద్ద పెట్టుకొని, తెర ఇవతల తల వంచుకొని కూర్చుంటుంది. వచ్చిన అమ్మాయి గొంతు ఆమెకు వినిపిస్తుంది గాని, ఆ గొంతు విన్నప్పుడు వరుడి ముఖం ఎలా మారిందో కనిపించదు. ప్రేక్షకులకు మాత్రం ఇద్దరి ముఖాలూ కనిపిస్తాయి. రెండు పేజీల సంభాషణ చేయలేని పనిని ఆ ఒక్క గుడ్డ చేస్తుంది.

గట్టిమేళాన్ని కూడా వాడుకోండి. తుమ్ములు, అశుభమైన మాటలు చెవిన పడకూడదనే మన పెద్దలు సుముహూర్త సమయంలో నాదస్వరం, డోలు ఒక్కసారిగా జోరుగా వాయించమంటారు. ఆ అమ్మాయి నోరు తెరవగానే పెండ్లికొడుకు మేనమామ చేయెత్తి ‘గట్టిమేళం, గట్టిమేళం’ అని కేకవేస్తే, ఆమె మాట్లాడుతున్నా ఎవరికీ ఏమీ వినిపించదు. శుభం కోసం ఏర్పడిన వాద్యం ఒక మనిషి నోరు మూయించడానికి ఉపయోగపడుతుంది. ఆమె అరవనక్కరలేదు, వాద్యం ఆగేవరకు అక్కడే నిలబడితే చాలు.

ఇక మీ రెండవ ప్రశ్న. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం, సప్తపది ఆచారంగా ఉన్నవారిలో ఏడవ అడుగు పడినప్పుడే వివాహం పూర్తవుతుంది. కాబట్టి అలాంటి కుటుంబమైతే మీ సన్నివేశంలో పెండ్లి ఇంకా కాలేదు. అయితే జీలకర్ర బెల్లం పెట్టగానే పెండ్లి అయిపోయిందని మనవాళ్ళు గట్టిగా నమ్ముతారు. చట్టం చూసే క్షణం వేరు, బంధువులు చూసే క్షణం వేరు. ఈ రెండింటి నడుమ పీటల మీద నుంచి లేవబోయే ఆడపిల్లను ‘అంతా అయిపోయింది, సర్దుకుపోమ్మా’ అని కూర్చోబెట్టే ప్రమాదం ఉంటుంది. మీరు ముద్ద తల మీదికి చేరకముందే కథను ఆపితే ఆ సందిగ్ధం ఉండదు.

అతడు చేసిన మోసం ఏమిటో కూడా ముందుగా తేల్చుకోండి. ఆ అమ్మాయిని ఇదివరకే పెండ్లాడి ఉంటే ఈ రెండవ పెండ్లి చెల్లనే చెల్లదు. పైగా 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు, మొదటి పెండ్లిని దాచి చేసుకుంటే పదేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. చేసుకునే ఉద్దేశం లేకుండానే చేసుకుంటానని నమ్మించి ఆమెను లోబరచుకొని ఉంటే అది 69వ సెక్షన్ కిందికి వస్తుంది. ప్రేమించి, తరువాత ధైర్యం చాలక తప్పుకొని ఉంటే అది నేరం కాకపోవచ్చు గాని ద్రోహమే. ఈ మూడింటిలో ఏదో తేలితేనే ఆ అమ్మాయి మాట తీరు కుదురుతుంది.

ఇలాంటి నిలదీత మన సాహిత్యంలో కొత్తది కాదు. కాళిదాసు దుష్యంతుడు శాపం వల్ల మరచిపోయాడు గనుక కొంత క్షమించగలుగుతాం. నన్నయ దుష్యంతుడు అన్నీ తెలిసి తెలియనట్లు నిండుసభలో అబద్ధమాడతాడు. శకుంతల సత్యం ఎంత గొప్పదో చెప్పి నిలదీస్తుంది. అయినా ఆమె మాట సభకు రుజువు కావడానికి ఆకాశవాణి పలకవలసి వచ్చింది. మీ వరుడు ఈ రెండవ రకం మనిషి. మీ మండపంలో ఆకాశవాణి పలకదు గనుక ఆ పని చేయగలిగినది పెండ్లికూతురు ఒక్కతే.

చెంపదెబ్బ తీసివేయండి. మేళం ఆగాక, పెండ్లికూతురు తెర ఇవతల నుంచే ‘ఈమె ఎవరో మీకు తెలుసా?’ అని ఒక్క ప్రశ్న అడగనివ్వండి. అతడు ‘తెలియదు’ అంటాడు. తెర పట్టుకున్న ఇద్దరిలో ఒకరి చేయి దిగిపోయి, ఆ మాట అన్న ముఖం ఆమెకు కనిపిస్తుంది. అప్పుడామె జీలకర్ర బెల్లం ముద్దను తమలపాకులో పెట్టి పళ్ళెంలోకి తిరిగి జరిపి, వాకిలి వైపు చూసి ‘అక్కా, ఇట్లా వచ్చి కూర్చో’ అంటుంది. మీ రంగస్థలం తెరను అక్కడ దించండి.